వాటం మేస్త్రి

కేతేపల్లి చుట్టుపక్కల ఊళ్లలో కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లకు పెద్దలు ఒక హితవు చెబుతారు. దాయాది పాలోళ్లతో పోట్లాడు, పెళ్లాంతో పోట్లాడు, ఆఖరికి కరెంటాయనతోనైనా పోట్లాడు గానీ, నేల వేసే రోజు కాటమయ్య మేస్త్రితో మాత్రం పెట్టుకోకు. పెళ్లాం రెండు రోజులు అలిగి మూడోనాడు అన్నం పెడుతుంది. కాటమయ్య వేసిన నేల అలిగిందంటే మనవల కాలం దాకా అలకపాన్పు దిగదు.

ఈ కాటమయ్య నిజానికి కల్లు గీసే ఇంట్లో పుట్టాడు. మీసాలు మొలిచే వయసులో తండ్రి నడుముకు మోకు కట్టి తాటిచెట్టు ఎక్కించాడు. సగం చెట్టెక్కేసరికి కళ్లు తిరిగి, మొద్దును కావలించుకొని, ఇక దిగనంటే దిగనని కూర్చున్నాడు. తమ్ముడు గుర్వయ్య ఎక్కి, అన్న కళ్లకు తువ్వాల గంతలు కట్టి, బుజ్జగించి దించాల్సి వచ్చింది. ఆ దెబ్బతో కులవృత్తి తమ్ముడికి పోయింది, అన్న తాపీ పట్టుకున్నాడు. తాపీ పనిలోనూ గోడలు కట్టేవాళ్లు పరంజా ఎక్కాలి, స్లాబు వేసేవాళ్లు మేడెక్కాలి. అందుకని నేల పని ఒక్కటే నేర్చుకున్నాడు. ఎవరైనా అడిగితే, "నేల మీంచెల్లి కింద పడ్డోడు ఎవడన్న ఉన్నడా?" అనేవాడు.

నేల చూస్తే అందరికీ కనపడేది నునుపు. కాటమయ్యకు కనపడేది వాటం. వాటమంటే కడిగిన నీళ్లు తమంతట తాము బయటికి పోయేటట్టు నేలకిచ్చే వాలు. నైరుతి ఎత్తుండాలి, ఈశాన్యం పల్లముండాలి, నీళ్లు ఈశాన్యం మూల నుంచే గడప దాటాలి. ఇదంతా ఆయన చేతికే తెలుసు. పని పూర్తయ్యాక ఇంటాయనను పిలిచి, నైరుతి మూల ఒక బిందెడు నీళ్లు కుమ్మరించి, "పో బిడ్డ" అనేవాడు. నీళ్లు చెప్పిన మాట విని పోయేవి. ముప్పై ఏళ్ల పనిలో ఆయన వేసిన నేల మీద చుక్క నీరు నిలవలేదు, ఆయన నిలవమంటే తప్ప.

నిలవమన్న సందర్భాలు కూడా ఉన్నాయి మరి. బడి పంతులు రఘుపతి సారు వసారా వేసిన రోజు అలాంటిదే. నేల వేసిన నాడు పనివాళ్లకు యాటకూర, కల్లు పెట్టి దావత్ ఇవ్వడం ఊరి మర్యాద. సారు పులిహోర పెట్టాడు. పెట్టి ఊరుకోకుండా, మాంసం తింటే బుద్ధి మందగిస్తుందని పనివాళ్లందరినీ వరసగా కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. కాటమయ్య అందరికంటే గట్టిగా నవ్వి, అవునవునని తలూపి, రెండోసారి పులిహోర అడిగి మరీ పెట్టించుకున్నాడు. మొదటి వాన పడ్డనాడు వసారాలో నీళ్లన్నీ కదిలి వచ్చి, సారు పేపరు చదువుకునే కుర్చీ కింద వేలెడు లోతున నిలబడ్డాయి. సారు పరుగున వచ్చి ఇదేమిటని నిలదీస్తే, కాటమయ్య వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"భూమి తిరుగుతాందని మీరే గద సారూ బళ్లె చెప్పిండ్రు. జర తిరిగినట్టున్నది."

ఊరు ఊరంతా కడుపు పట్టుకొని నవ్వింది. ఆ ఏడు నుంచి కేతేపల్లిలో నేల దావత్‌లు పెళ్లి దావత్‌లను మించిపోయాయి. ఎవరి మీద కోపమొచ్చినా కాటమయ్య నోరు జారేవాడు కాదు, నవ్వేవాడు. ఎంత కోపముంటే అంత నవ్వు. తర్వాతి సంగతి నీళ్లు చూసుకునేవి. ఆయన వెనక ముప్పై ఏళ్లు సిమెంటు గమేళాలు మోసిన భార్య శ్యామలమ్మ మాత్రం, "గీ మనిషికి కోపమొస్తె మూతి మీద గాదు, మూలకు కనబడ్తది" అనేది.

వాళ్ల కొడుకు నరేశ్ హైదరాబాదులో పదేళ్లు కార్ల మెకానిక్కుగా చేశాడు. పదేళ్లూ కార్ల కింద వెల్లకిలా పడుకొనే చేశాడు. నడుము అరిగిపోయి ఊరికి తిరిగొచ్చి, ఇంటి పక్క జాగాలో రేకుల షెడ్డు వేసుకున్నాడు. హైవే దగ్గర్లోనే ఉంది కాబట్టి కార్లకు కొదవ లేదు. కారును పైకి ఎత్తిపట్టే రెండు స్తంభాల లిఫ్టు ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది. ఇక నిలబడి పని చేసుకోవచ్చని కొడుకు సంబరం.

లిఫ్టు బిగించే విజేందర్ నల్గొండ నుంచి వచ్చి జాగా చూశాడు. జేబులోంచి ఒక ఉక్కు గోలీ తీసి షెడ్డు నేల మీద పెట్టాడు. గోలీ ఒక్క క్షణం ఆలోచించి, ఈశాన్యం దారి పట్టి, గేటు కింద నుంచి రోడ్డు మీదికి పోయింది. ఆ నేల ఎవరు వేశారో చెప్పనక్కర్లేదు.

"ఇది నేల గాదన్నా, జారుడుబండ" అన్నాడు విజేందర్. "మొత్తం తవ్వాలె. గట్టి మొరం దాకా పోయి, దిమ్మిస కొట్టి, ఇనుప రాడ్ల జాలి పరిచి, ఆరించుల మందం కాంక్రీటు పొయ్యాలె. నడుమ అతుకు రావొద్దు, ఒక్క దినంలనే పోత అయిపోవాలె. నెల రోజులు నీళ్లల్ల నానాలె. అన్నిటికంటె ముందు, మట్టంగ ఉండాలె. నేల వాలితె స్తంభం వాలుతది. స్తంభం వాలితె, పైన కారు, కింద నువ్వు."

ఆ చివరి మాట నరేశ్ బుర్రలో మేకులా దిగింది.

మర్నాడు చాయ్ హోటల్ దగ్గర దోస్తులు అడిగారు, షెడ్డు నేల మీ బాపే వేస్తాడా అని. నరేశ్ నవ్వులాటకు అన్నాడు: "మా బాపుకు వాటం తప్ప మట్టం రాదు. ఆయన ఏస్తె లిఫ్టు మీది కారు ఈశాన్యం దిక్కు మొక్కుకుంట పోతది. నేను నల్గొండ గిరి మేస్త్రిని పిలుస్తున్న." అందరూ పగలబడి నవ్వారు. వాళ్లందరి కంటే గట్టిగా ఒక నవ్వు వెనక నుంచి వినపడింది. కాటమయ్య చాయ్ గ్లాసు పట్టుకొని నిలబడి ఉన్నాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకొని, కొడుకు వీపు మీద రెండు తట్లు తట్టి వెళ్లిపోయాడు.

నరేశ్ చాయ్ సగంలోనే కింద పెట్టేశాడు. ఆ నవ్వు ఎలాంటిదో ఊళ్లో అందరికంటే అతనికే బాగా తెలుసు.

కాటమయ్యకు కోపం కంటే సిగ్గు ఎక్కువైంది. నలభై ఊళ్ల నేలలు ఆయన చేతి మీదుగా పోయాయి. ఇప్పుడు సొంత కొడుకు షెడ్డులో పరాయి మేస్త్రి తాపీ ఆడిస్తే, రేపు దారిన పోయే ప్రతివాడూ గేటు దగ్గర ఆగి పరామర్శించి పోతాడు. చచ్చినా ఆ పని జరగనివ్వకూడదని ఆ రాత్రే తీర్మానించుకున్నాడు. ఎలా అన్నది మాత్రం ఎవరికీ చెప్పలేదు, తమ్ముడికీ తలకాయ కూర వండాల్సిన శ్యామలమ్మకూ తప్ప.

తవ్వకాలు, దిమ్మిస, రాడ్ల పని నరేశ్ దగ్గరుండి చేయించుకున్నాడు. పోత రోజు పొద్దున్నే గిరి తన మేస్త్రీలను, కిరాయి మిక్సరును, దాన్ని నడిపే సాల్మన్‌ను వెంటేసుకొని దిగాడు. మిక్సరు సాయంత్రానికల్లా తిరిగి నల్గొండ పోవాలి, మర్నాడు దానికి వేరే స్లాబు ఉంది. కాంక్రీటును కుదించే వైబ్రేటర్ మిషను తేవడానికి నరేశ్ నకిరేకల్ పోయాడు. అతని బండి మలుపు తిరిగిందో లేదో, గుర్వయ్య సైకిలుకు రెండు పక్కలా కల్లు క్యాన్లు వేలాడేసుకొని ప్రత్యక్షమయ్యాడు.

"రాండ్రి బిడ్డా, ముందుగాల కూసోండ్రి" అని కాటమయ్య చాప పరిచాడు.

గిరి తడబడ్డాడు. "పనైనంక గదా కాకా దావత్?"

"నల్గొండల గట్లనేమో. మా ఊళ్లె పనికి ముందే పెడ్తరు. తినకుంట తాపీ పడితె ఇంటికి అరిష్టం."

కేతేపల్లిలో ఆ ఆచారం పుట్టి అప్పటికి పావుగంట కూడా కాలేదు. కానీ తలకాయ కూర వాసన అబద్ధం కాదు, జొన్నరొట్టెలు అబద్ధం కాదు, పొద్దుటి పూట దించిన కల్లు అసలే అబద్ధం కాదు. అరిష్టానికి భయపడి గిరి బృందం ఒక గ్లాసు తాగింది. కాకకు కోపమొస్తుందని రెండోది, గుర్వయ్య చిన్నబోతాడని మూడోది. తర్వాత ఎవరికీ కారణాలు అవసరం పడలేదు. సాల్మన్ ఒక్కడే కల్లు ముట్టడు. "నాకు చాయ్ చాలు పెద్దాయనా" అని గ్లాసు పట్టుకొని మిక్సరు పక్కన కూర్చొని, జరుగుతున్న భాగవతాన్ని తీరిగ్గా చూశాడు.

నరేశ్ వైబ్రేటరు మోసుకొని వచ్చేసరికి నల్గొండ మేస్త్రీలు వేపచెట్టు కింద వరసగా, చక్కగా, ఒకరి మీద ఒకరు కాళ్లేసుకొని నిద్రపోతున్నారు. కాటమయ్య తలకు తువ్వాల చుట్టుకొని, చేతిలో తాపీతో షెడ్డులో నిలబడి ఉన్నాడు.

"అమ్మా, నువ్వన్న చెప్పొద్దా?" అని నరేశ్ తల్లి మీద ఎగిరాడు.

"నాకేమెరుక బిడ్డా. వండుమన్నడు, వండిన."

నరేశ్ వేపచెట్టు వైపు చూశాడు, మిక్సరు వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆఖరికి పళ్లు బిగబట్టి అన్నాడు: "సరె బాపు. ఎయ్యి. కని ఇది మట్టం. వాటం గాదు. నేను దాని కిందనే బతకాలె."

కాటమయ్య నవ్వలేదు. "ఎరుకే" అన్నాడు.

చెప్పడానికి సులువే గానీ, ముప్పై ఏళ్లు ఈశాన్యానికి మొక్కిన చెయ్యి ఒక్క పూటలో మాట వింటుందా? ఇంతకాలం కళ్లతో పని చేసినవాడు, ఆ రోజు సన్నటి గొట్టంలో నీళ్లు నింపి, నాలుగు మూలలా రెండు కొసల నీటి మట్టం చూసి గోడకు గీతలు కొట్టాడు. సాల్మన్ మిక్సరు తిప్పాడు. శ్యామలమ్మ, గుర్వయ్య, ఇరుగుపొరుగు ఆడవాళ్లు గమేళాలు అందించారు. నరేశ్ వైబ్రేటరు పట్టాడు. కాటమయ్య పొడుగాటి అల్యూమినియం పట్టీతో కాంక్రీటు లాగుతూ పోయాడు. లాగిన ప్రతిసారీ ఈశాన్యం మూల దగ్గరికి రాగానే చెయ్యి దానంతటదే ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, కిందికి నొక్కేది.

"అగో, మళ్ల గుంజుతాంది" అని శ్యామలమ్మ గమేళా దించకుండానే కేకేసింది.

"యాడ?"

"గాడనే. నీ చెయ్యికి నేను ఇయ్యాల కొత్తనా? ఎన్ని ఇండ్ల నేలలు జూసిన నీ ఎంబడి."

కాటమయ్య రసమట్టం పెట్టి చూశాడు. భార్య చెప్పింది నిజమే. తీసి, నింపి, మళ్లీ లాగాడు. మళ్లీ నొక్కింది. మళ్లీ తీశాడు. ఇలా లాభం లేదనుకొని, ఈశాన్యానికి వీపు పెట్టి అడ్డం తిరిగి కూర్చున్నాడు. అలవాటు లేని వైపు నుంచి లాగుతుంటే మోకాళ్లు, నడుము, మెడ అన్నీ మొరపెట్టుకున్నాయి. పొద్దు వాలే వేళకు ఆఖరి మూల ముగించాడు. చుట్టూ ఉన్నవాళ్లు బిందె నీళ్ల వేడుక కోసం చూశారు. ఆయన తాపీ కడుక్కొని, పోయి అరుగు మీద వాలిపోయాడు.

అప్పుడు వేపచెట్టు కింద గిరి కళ్లు నులుముకొని లేచాడు. "కాకా, ఇగ మొదలు పెడ్దమా?" అన్నాడు.

తెల్లారి ఇసుకతో చిన్న చిన్న మళ్లు కట్టి, నేలంతా నీళ్లు నింపారు. కాంక్రీటు గట్టిపడాలంటే నానాలి. కాటమయ్య రోజూ పొద్దున్నే వచ్చి నీళ్లు చూసుకొని పోయేవాడు. నాలుగు మూలలా నీళ్లు కదలకుండా, ఎటూ పోకుండా నిలబడి ఉంటే ఆయనకు కొంచెం దిగులుగానే ఉండేది. అయినా లోలోపల గర్వం. మట్టం రాదన్నవాడికి మట్టం చూపించాడు. కొడుకు ఎప్పుడు నోరు తెరిచి "బాగేసినవ్ బాపు" అంటాడా అని కాచుకొని ఉన్నాడు.

నరేశ్ అనలేదు. ఒకనాడు పొద్దున్నే కాటమయ్య షెడ్డు వెనక నుంచి వస్తూ ఆగిపోయాడు. లోపల నరేశ్ నీళ్లలో గొంతుక్కూర్చొని, ఇనుప స్కేలు ముంచి లోతు కొలుస్తున్నాడు. ఒక మూల, రెండో మూల, మూడు, నాలుగు. అన్నిచోట్లా ఒక్కటే లోతు. అదీ చాలక చిన్న సుత్తి తీసుకొని నేల మీద అక్కడక్కడా తట్టి, చెవి రిక్కించి విన్నాడు. ఎక్కడైనా డొల్ల పలుకుతుందేమోనని. మర్నాడు కూడా కొలిచాడు. ఆ మర్నాడు కూడా తట్టాడు.

కాటమయ్యకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పోయి శ్యామలమ్మ పక్కన పొయ్యి దగ్గర కూర్చున్నాడు.

"వాడు నా పని గాదే, నన్ను కొలుస్తున్నడు. లోపల ఏమన్న పెట్టిన్నేమో అని. మట్టి బెడ్డనో, ఉత్త ఇసుకనో. కొడుకు పని జేసే చోట నేను గట్ల జేస్తనా?"

శ్యామలమ్మ రొట్టె తిప్పుతూ అంది: "రఘుపతి సారు వసారల ఎట్ల జేసినవ్?"

"అది మజాక్."

"ఊరికి మజాకే. వాడు పుట్టిన కాడికెల్లి జూస్తున్నడు, నీకు కోపమొస్తె నవ్వుతవ్, ఎనక నేల పగ వడ్తది. హోటల్ కాడ నువ్వు నవ్వినవ్. వాడు భయపడక ఏం జేస్తడు?"

కాటమయ్యకు ఏడుపొచ్చింది. పొగకని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్లు ఊరిని నవ్వించిన అల్లరి, ఇంట్లో ఒక్కడిని మాత్రం భయపెట్టిందని ఆయన కలలో కూడా అనుకోలేదు. పోయి కొడుకుతో చెప్పాలనుకున్నాడు. కానీ కోపాన్ని, ప్రేమను, దేన్నైనా నోటితో చెప్పే అలవాటు ఆయనకు ఏనాడూ లేదు. ఆ నెలంతా ఊళ్లో ఎవరితోనూ సరసాలాడలేదు. చాయ్ హోటల్ వాళ్లు ఒంట్లో బాగాలేదేమోనని దవాఖానకు పొమ్మన్నారు.

నెల తిరిగాక విజేందర్ లిఫ్టు తెచ్చాడు. నేల మీద తన మట్టం మిషను పెట్టి, ఎర్రటి కాంతి గీత నాలుగు దిక్కులా వేసి చూసి, కనుబొమ్మలెగరేశాడు. రంధ్రాలు తొలిచాడు, స్తంభాలు నిలబెట్టాడు, బోల్టులు బిగించి లాగి లాగి చూశాడు. "బండ లెక్క పట్టింది. అద్దం లెక్క మట్టమున్నది. ఎవరేసిండ్రన్నా?" అన్నాడు. నరేశ్ తండ్రి వైపు చూపించాడు.

మొదటి కారు ఎక్కించారు. బటన్ నొక్కితే కారు మెల్లగా లేచి, మనిషి ఎత్తు దాటి, తాళాలు టక్కుమని పడ్డాయి. విజేందర్ బరువంతా తాళాల మీదికి దించి, చుట్టూ చూసుకొని, "ఇగ పని మీది" అని పక్కకు జరిగాడు. చూడ్డానికొచ్చిన వాళ్లంతా చప్పట్లు కొట్టారు. నరేశ్ పానా పట్టుకొని కారు నీడ అంచు దాకా పోయాడు. అక్కడ ఆగాడు. పైకి చూశాడు, కింద నేల చూశాడు, ఆఖరికి తండ్రి మొహం చూశాడు. కాటమయ్య ఆ చూపును తట్టుకోలేకపోయాడు.

తలకున్న తువ్వాల విప్పి, కొడుకు పక్క నుంచి నడిచి, సరిగ్గా కారు నడుమ కిందికి పోయి నేల మీద పరిచాడు. పరిచి వెల్లకిలా పడుకున్నాడు. నెత్తి మీద అంత ఎత్తున అంత బరువు కనపడేసరికి ఆయనకు కళ్లు గిర్రున తిరిగాయి. రెండు అరచేతులూ నేలకు అదిమిపెట్టి, ధైర్యం తెచ్చుకొని మాట్లాడాడు.

"అరే నరేశ్. ఊరోళ్ల మీద నా కోపం నీళ్లతోని చెప్పించిన. నీ మీద కోపమొస్తె నీతోనే చెప్తరా, నేలకు చెప్ప."

నరేశ్ పానా చేతిలో పట్టుకొని కారు కిందికి వచ్చాడు. తండ్రి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మరి ఉన్నదా బాపు, కోపం?"

"ఎందుకుండదు? బొచ్చెడున్నది."

"అయితె చెప్పు."

నరేశ్ లేచి, పైన ఆయిల్ నట్టుకు పానా తగిలించి విప్పడం మొదలుపెట్టాడు. కాటమయ్య పడుకున్నవాడు పడుకున్నట్టే, కళ్లు గట్టిగా మూసుకొని, చాయ్ హోటల్ మాట నుంచి మొదలుపెట్టి తిట్టడం మొదలుపెట్టాడు. పాత నూనె అంతా కారి, కొత్తది పోసేదాకా తిడుతూనే ఉన్నాడు. నరేశ్ మధ్యమధ్య "ఊఁ" కొడుతూ పని చేసుకున్నాడు.